ఫొటోగ్రఫీ వ్యాపారం మొదలుపెడుతున్నారా? జీఎస్టీని ఈ వరసలో చూసుకోండి

"అన్నా, జీఎస్టీ తీసుకోవాలా, వద్దా? తీసుకుంటే కస్టమర్లు పోరు కదా?" కొత్తగా పెళ్లి ఆర్డర్లు పట్టుకుంటున్నవాళ్లు వారానికి ఒకరిద్దరైనా నన్ను ఇదే అడుగుతున్నారు. ఇది ఫోన్‌లో ఐదు నిమిషాల్లో తేలే విషయం కాదు. అందుకే హైదరాబాద్‌లో స్టూడియో నడుపుతూ నేను నేర్చుకున్నదంతా ఒక వరసలో పెట్టి రాస్తున్నాను.

వరస అని గట్టిగా ఎందుకు అంటున్నానంటే, నేను చూసినవాళ్లలో ఎక్కువమంది నష్టపోయింది రూల్ తెలియక కాదు, ముందు చేయాల్సిన పని తర్వాత చేయడం వల్ల. కెమెరా కొన్నాక జీఎస్టీ నంబర్ తీసుకున్నారు. కొటేషన్ ఇచ్చాక పన్ను గుర్తుచేసుకున్నారు. ఆ డబ్బు మళ్లీ రాలేదు.

1. ముందుగా మీ టర్నోవర్ లెక్క తీయండి

ఏప్రిల్ నుంచి మార్చి వరకు మీ మొత్తం టర్నోవర్ 20 లక్షల రూపాయలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సరుకులు అమ్మేవాళ్లకు 40 లక్షల పరిమితి అని ఇంటర్నెట్‌లో చదివి కొందరు ధీమాగా ఉంటారు. తెలంగాణ ఆ 40 లక్షల పరిమితిని తీసుకోలేదు. ఇక్కడ సరుకులకైనా సేవలకైనా 20 లక్షలే. మనది ఎలాగూ సేవ.

ఈ 20 లక్షల్లోకి ఏమేం వస్తాయన్న దగ్గరే చాలామంది పొరబడతారు.

- లెక్క మీ పాన్ మీద ఉంటుంది, స్టూడియో పేరు మీద కాదు. అదే పాన్ మీద ఇంకో చిన్న వ్యాపారం ఉన్నా, షాపు అద్దె వస్తున్నా అదీ కలుస్తుంది. పన్ను లేని ఆదాయమైన ఇంటి అద్దె కూడా కలుస్తుంది.
- లాభం కాదు, వసూలు చేసే మొత్తం. 2 లక్షల ప్యాకేజీ ఒప్పుకుని అందులో క్యాండిడ్ తీసే అతనికి 40 వేలు, డ్రోన్‌కు 20 వేలు ఇచ్చినా, మీ టర్నోవర్ 2 లక్షలే, లక్షా 40 వేలు కాదు.
- వేరే స్టూడియోకి ఫ్రీలాన్స్‌గా వెళ్లి తెచ్చుకున్న డబ్బూ ఇందులోదే.
- నగదు, యూపీఐ, చెక్కు, ఎలా వచ్చినా ఒకటే.

యూపీఐ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2025 జూలైలో కర్ణాటకలో వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్లు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. బావమరిది తిరిగి ఇచ్చిన చేబదులు, చిట్టీ పాడిన డబ్బు, కస్టమర్ అడ్వాన్స్ అన్నీ ఒకే ఖాతాలో పడుతుంటే, రేపు ఏది ఏమిటో నిరూపించుకోవాల్సింది మీరే. కాబట్టి ఈ రోజే వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా, వేరే క్యూఆర్ కోడ్ పెట్టుకోండి. మిగతా పనులన్నీ దీని తర్వాతే.

2. నంబర్ ఎప్పుడు తీసుకోవాలి

20 లక్షలు దాటిన రోజు నుంచి 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. అప్పటిదాకా ఆగకండి. మన పనిలో డబ్బు నెలకింత అని సమానంగా రాదు. ఆషాఢంలో, మూఢంలో ఖాళీగా కూర్చుంటాం. మాఘం ముహూర్తాలు మొదలైతే మూడు వారాల్లో ఐదారు లక్షల పని జరిగిపోతుంది. అందుకే 15 లక్షలు దాటగానే కాగితాలు సిద్ధం చేసుకోవడం మొదలుపెట్టమంటాను.

20 లక్షల లోపే ఉన్నా స్వచ్ఛందంగా తీసుకోవచ్చు. కానీ తీసుకున్న రోజు నుంచి మొదటి రూపాయికే పన్ను లెక్క మొదలవుతుంది. నా సలహా ఇది: మీ పని మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల ఈవెంట్లు, ప్రొడక్ట్ షూట్లు అయితే ముందే తీసుకోండి. ఆ కంపెనీలు మీరు వేసిన పన్నును తమ లెక్కలో తిరిగి తీసుకుంటాయి కాబట్టి వాళ్లకు అది భారం కాదు. చాలా చోట్ల నంబర్ లేకపోతే వెండార్‌గా చేర్చుకోరు కూడా. మీ పని మొత్తం పెళ్లిళ్లు, బారసాలలు, ఓణీల ఫంక్షన్లే అయితే పరిమితి దగ్గరపడేదాకా తొందరపడకండి. ఆ కుటుంబాలకు పన్ను అదనపు ఖర్చే.

ఒక్క మాట మాత్రం మర్చిపోవద్దు. నంబర్ లేనంత కాలం బిల్లు మీద జీఎస్టీ అని ఒక్క రూపాయి కూడా వసూలు చేయకూడదు. అలా తీసుకుంటే ఆ డబ్బు ప్రభుత్వానికి కట్టాల్సిందే, పైన జరిమానా.

3. రెగ్యులరా, కాంపోజిషనా?

ఫొటోగ్రఫీ, వీడియోగ్రఫీ సేవల మీద పన్ను 18 శాతం. తెలంగాణలో చేసే పనికి 9 శాతం కేంద్రానికి, 9 శాతం రాష్ట్రానికి. ఇది రెగ్యులర్ పద్ధతి. కొన్నవాటి మీద కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తగ్గించుకోవచ్చు.

గత ఏడాది టర్నోవర్ 50 లక్షలు దాటని సేవల వ్యాపారులకు కాంపోజిషన్ పద్ధతి ఉంది. అందులో టర్నోవర్ మీద 6 శాతం కడితే చాలు. అయితే ఆ 6 శాతం మీ జేబులోంచే పోవాలి. కస్టమర్ దగ్గర పన్ను పేరుతో వసూలు చేయకూడదు, ఇన్‌పుట్ క్రెడిట్ రాదు.

లెక్క వేసి చూద్దాం. ఏడాదికి 24 లక్షల పని, అంతా పెళ్లిళ్లే. కస్టమర్ పైన ఒక్క రూపాయి ఇవ్వనంటాడు, అంటే పన్ను ఆ 24 లక్షల్లోనే కలిసి ఉంటుంది.

- రెగ్యులర్ అయితే పన్ను: 24,00,000 ను 118తో భాగించి 18తో గుణిస్తే సుమారు 3,66,102 రూపాయలు. ఇందులోంచి ఇన్‌పుట్ క్రెడిట్ తీసేయాలి.
- కాంపోజిషన్ అయితే: 1,44,000 రూపాయలు.

తేడా 2,22,102. అంత క్రెడిట్ రావాలంటే ఆ ఏడాది మీరు పన్ను కాకుండా పన్నెండు లక్షల 30 వేలకు పైగా విలువైనవి జీఎస్టీ బిల్లుతో కొని ఉండాలి. కొత్త బాడీలు, లెన్సులు, లైట్లు కొనే మొదటి ఏడాది అది సాధ్యం కావచ్చు. రెండో ఏడాది నుంచి ఆల్బం ప్రింటింగ్, ఎడిటింగ్ మాత్రమే ఉంటే కష్టం. ఇళ్ల ఫంక్షన్లు చేసేవాళ్లకు కాంపోజిషన్ మంచిదని నేననేది ఇందుకే.

అయితే కాంపోజిషన్‌కు ఒక గట్టి అడ్డంకి ఉంది. వేరే రాష్ట్రానికి సేవ అందించకూడదు. మనకు విజయవాడ పక్క ఊరిలాగే ఉంటుంది, కానీ జీఎస్టీ లెక్కలో తెలంగాణ కోడ్ 36, ఆంధ్రప్రదేశ్ కోడ్ 37. విజయవాడలో రిజిస్టరైన కంపెనీకి మీరు బిల్లు వేస్తే అది అంతర్రాష్ట్ర సరఫరా. అలాంటి పని నెలకొకటి వచ్చేట్టున్నా కాంపోజిషన్ జోలికి వెళ్లకండి.

4. దరఖాస్తు

ప్రభుత్వ ఫీజు లేదు. జీఎస్టీ అధికారిక పోర్టల్‌లో మీరే చేసుకోవచ్చు. మొదట పాన్, మొబైల్, ఈమెయిల్ ఇస్తే ఓటీపీలు వచ్చి తాత్కాలిక నంబర్ వస్తుంది. దాంతో మళ్లీ లాగిన్ అయి 15 రోజుల్లో మిగతా ఫారం పూర్తి చేయాలి.

సిద్ధంగా పెట్టుకోవాల్సినవి:

- పాన్, ఆధార్. రెండింటిలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.
- ఆధార్‌కు లింకైన మొబైల్ మీ చేతిలోనే ఉండాలి.
- పాస్‌పోర్ట్ సైజు ఫొటో.
- అద్దె స్టూడియో అయితే అద్దె ఒప్పందం, ఓనర్ పేరు మీద కరెంటు బిల్లు లేదా జీహెచ్ఎంసీ ఆస్తి పన్ను రసీదు.
- నాన్నగారి ఇంట్లోనే ఆఫీసు అయితే ఆయన సంతకంతో సమ్మతి పత్రం, ఇంటి కరెంటు బిల్లు.
- బ్యాంకు వివరాలు. ఇవి నంబర్ వచ్చిన 30 రోజుల్లోగానీ, మొదటి జీఎస్టీఆర్-1 (మీ బిల్లుల వివరాలు ఇచ్చే రిటర్న్) వేసేలోపుగానీ, ఏది ముందైతే అప్పటికి ఇవ్వాలి.
- సేవల కోడ్. ఈవెంట్ ఫొటోగ్రఫీ, వీడియోగ్రఫీకి 998383. పోర్ట్రెయిట్‌కు 998381. ప్రకటనల షూట్లకు 998382.

కాంపోజిషన్ కావాలంటే ఈ ఫారంలోనే ఎంచుకోండి. ఇప్పుడు వదిలేస్తే మళ్లీ వచ్చే ఆర్థిక సంవత్సరం మొదలయ్యేలోపే అవకాశం.

ఆధార్ ధ్రువీకరణ సాఫీగా జరిగితే మామూలుగా ఏడు పని దినాల్లో తేలిపోతుంది. అధికారి ఏదైనా వివరం అడిగితే ఏడు పని దినాల్లో జవాబు ఇవ్వాలి. ఎక్కువగా అడిగేది అడ్రసు గురించే. ఒప్పందంలో ఫ్లాట్ నంబర్ ఒకలా, కరెంటు బిల్లులో డోర్ నంబర్ ఒకలా ఉండటం మన దగ్గర మామూలే. రెండూ ఒకే చోటని ఓనర్‌తో ఒక లెటర్ రాయించి ముందే జతచేయండి.

ఏజెంట్‌తో చేయించినా సరే, మొబైల్, ఈమెయిల్ మాత్రం మీవే ఇవ్వండి. ఏజెంట్ తన నంబర్ పెట్టుకుంటే నోటీసులన్నీ అతనికే వెళ్తాయి. అతను ఊరు మారితే మీ వ్యాపారం తాళం అతని దగ్గర ఉండిపోయినట్టే.

నంబర్ వచ్చాక సర్టిఫికెట్‌ను స్టూడియోలో కనిపించేచోట పెట్టాలి, బయట బోర్డు మీద జీఎస్టీ నంబర్ రాయించాలి. కాంపోజిషన్ వాళ్లు ఆ మాట కూడా బోర్డు మీద రాయాలి.

5. పెద్ద సామాను నంబర్ వచ్చాకే కొనండి

ఇది రెగ్యులర్ పద్ధతి ఎంచుకున్నవాళ్లకు. రిజిస్ట్రేషన్‌కు ముందు కొన్న కెమెరా, లెన్స్, కంప్యూటర్ లాంటి వాటి మీద కట్టిన పన్ను తర్వాత క్రెడిట్‌గా రాదు. అప్పటికి చేతిలో మిగిలిన ఆల్బం పేపర్ లాంటి ముడిసరుకు నిల్వకే ఆ అవకాశం ఉంది. కాబట్టి నంబర్ తీసుకోవాలని నిర్ణయించుకుంటే, నెల ఆగి కొనండి.

కొన్నప్పుడు బిల్లు ఎలా ఉండాలో నా అనుభవంతో చెబుతాను. కొన్నేళ్ల కిందట కోఠిలో ఒక లెన్స్ కొన్నాను. 1,41,600 రూపాయలు. అందులో పన్ను 21,600. షాపులో రద్దీ. పిల్లాడు ఫోన్ నంబర్ అడిగి, నా పేరు కొట్టి, బిల్లు చేతిలో పెట్టాడు. లెన్స్ మౌంట్ చూసుకున్నాను, గ్లాస్ మీద గీతలున్నాయేమో టార్చ్ వేసి చూసుకున్నాను, సీరియల్ నంబర్ కార్డుతో సరిపోల్చాను. బిల్లు మాత్రం మడిచి బ్యాగులో పెట్టాను. రిటర్న్ వేసేటప్పుడు చూస్తే జీఎస్టీఆర్-2బీలో, అంటే నాకు రావాల్సిన క్రెడిట్‌ను పోర్టల్ చూపించే పట్టికలో, ఆ కొనుగోలే లేదు. బిల్లు మీద స్టూడియో జీఎస్టీ నంబర్ లేదు, మామూలు కస్టమర్‌కు అమ్మినట్టు వాళ్లు చూపించేశారు. "ఆ నెల రిటర్న్ అయిపోయింది సార్" అన్నారు. ఆ 21,600 పోయింది.

అప్పటినుంచి ఈ నాలుగూ చూస్తాను, మొదటి మూడూ కౌంటర్ దగ్గరే:

- నా జీఎస్టీ నంబర్ 15 అక్షరాలూ సరిగ్గా ఉన్నాయా? 36తో మొదలై, తర్వాత పది నా పాన్ అవుతాయా?
- స్టూడియో పేరు రిజిస్ట్రేషన్‌లో ఉన్నట్టే ఉందా?
- పన్ను విడిగా చూపించారా?
- తర్వాతి నెల 2బీలో కనిపించిందా? కనిపించకపోతే అదే వారం షాపుకు ఫోన్.

పన్నుతో కలిపిన ధర మీద ఆదాయపు పన్నులో తరుగుదల చూపిస్తే క్రెడిట్ రాదు. ఆడిటర్‌కు ఈ మాట ముందే చెప్పండి. షూట్లకు తిరగడానికి కొన్న మామూలు కారు మీద, టీమ్ భోజనాల మీద క్రెడిట్ ఉండదు.

6. కొటేషన్, అడ్వాన్స్: అసలు డబ్బు పోయేది ఇక్కడే

ఇదీ రెగ్యులర్ వాళ్లకే. లక్షన్నర ప్యాకేజీ అని మాట ఇచ్చేశారు. బిల్లు వేసేటప్పుడు "జీఎస్టీ 27 వేలు ఎక్స్‌ట్రా అండీ" అంటే పెళ్లికూతురి నాన్న ఒప్పుకోడు. ఒప్పుకోకపోవడం న్యాయమే, ముందు చెప్పలేదు కదా. అప్పుడు ఆ లక్షన్నరలోంచే తీయాలి. మీకు మిగిలేది 1,27,119, పన్ను 22,881.

అందుకే కొటేషన్‌లో ఈ రెండు వాక్యాల్లో ఒకటి ఉండి తీరాలి: "ధర పన్నుతో కలిపి" లేదా "18 శాతం జీఎస్టీ అదనం". వాట్సాప్‌లో పంపే కొటేషన్ అయినా సరే. ఇళ్లవాళ్లకు కలిపిన ధర చెప్పడమే మంచిదని నా అనుభవం. కంపెనీలకు విడిగా చూపండి.

షూట్, ఎడిటింగ్, ఆల్బం కలిపి ఒకే ప్యాకేజీ అయితే అందులో ప్రధానమైనది ఫొటోగ్రఫీ సేవ. మొత్తం మీద 18 శాతమే. ఆల్బంను విడగొట్టి వేరే రేటు వేయాలని చూడకండి.

ఇక అడ్వాన్స్. సేవలకు అడ్వాన్స్ తీసుకున్నప్పుడే పన్ను బాధ్యత వస్తుంది. మే నెల పెళ్లికి జనవరిలో డేట్ బ్లాక్ చేయడానికి 50,000 యూపీఐ చేశారనుకోండి. పన్నుతో కలిపిన ధర అయితే అందులో 7,627 రూపాయలు పన్ను. అది జనవరి లెక్కలోనే కట్టాలి, మేలో కాదు. చాలామంది ఇక్కడే తప్పు చేసి తర్వాత వడ్డీ కడతారు.

నేను చేసేది ఇదీ. అడ్వాన్స్ పడిన రోజే, ఫోన్ పక్కన పెట్టకముందే, పన్ను భాగాన్ని ఇంకో పొదుపు ఖాతాలోకి పంపేస్తాను. దాని పేరే ఫోన్‌లో "నాది కాదు" అని సేవ్ చేసుకున్నాను. మాఘంలో ఖాతా నిండుగా కనిపించినప్పుడు కొత్త గింబల్ కొనాలనిపిస్తుంది. పన్ను కట్టాల్సిన ఇరవయ్యో తేదీ వచ్చాక గింబల్ అమ్మి పన్ను కట్టలేం.

- అడ్వాన్స్‌కు రసీదు వోచర్ ఇవ్వండి: తేదీ, మొత్తం, పన్ను ఎంత.
- పెళ్లి వాయిదా పడితే వోచర్ అలాగే ఉంచండి.
- రద్దయి డబ్బు తిరిగిస్తే రీఫండ్ వోచర్ రాసి, ఆ నెల రిటర్న్‌లో సర్దుబాటు చేయండి.
- చివరి బిల్లులో ముందు కట్టిన పన్ను తీసేయడం మర్చిపోకండి, లేకపోతే రెండుసార్లు కడతారు.

అమెరికాలో ఉన్న పెళ్లికొడుకు డాలర్లలో పంపినా, శంషాబాద్ ఫంక్షన్ హాల్లో జరిగే పెళ్లి పన్ను పడని ఎగుమతి కిందికి రాదు. 18 శాతం మామూలే.

7. బిల్లు

పని పూర్తయిన 30 రోజుల్లో ఇవ్వాలి. రెగ్యులర్ వాళ్లది ట్యాక్స్ ఇన్‌వాయిస్. కాంపోజిషన్ వాళ్లది బిల్ ఆఫ్ సప్లై, పన్ను వసూలు చేసే అర్హత లేదన్న వాక్యం దాని పైన ఉండాలి.

- వరస తప్పని నంబర్, 16 అక్షరాలు మించకుండా
- తేదీ, మీ పేరు, అడ్రసు, జీఎస్టీ నంబర్
- కస్టమర్ పేరు, అడ్రసు, రాష్ట్రం. కంపెనీ అయితే వాళ్ల జీఎస్టీ నంబర్
- సేవ వివరం, కోడ్
- పన్నుకు ముందు విలువ, రేటు, పన్ను
- సంతకం

తెలంగాణ కంపెనీకి రెండు తొమ్మిదులు, బెంగళూరులో రిజిస్టరైన కంపెనీకి 18 శాతం ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య సరఫరాకు వేసే జీఎస్టీ). కుటుంబం ఇక్కడ ఉండి పెళ్లి వేరే రాష్ట్రంలో జరిగితే, ఏ పన్ను వేయాలో బిల్లుకు ముందే అకౌంటెంట్‌తో తేల్చుకోండి. తప్పు పద్దులో కడితే సరైన పద్దులో మళ్లీ కట్టి, మొదటిదానికి రీఫండ్ అడగాల్సి వస్తుంది.

కంపెనీలు టీడీఎస్ (మీకిచ్చే డబ్బులోంచి ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసేటప్పుడు, బిల్లులో జీఎస్టీ విడిగా ఉంటే, పన్ను కాకుండా మిగిలిన విలువ మీదే కోయాలి. ఎక్కువ కోశారేమో చూసుకోండి.

8. స్టూడియో అద్దె

చాలామందికి తెలియకుండా మీద పడేది ఇది. మీరు రెగ్యులర్‌గా రిజిస్టరై, నంబర్ లేని ఓనర్ దగ్గర షాపు అద్దెకు తీసుకుంటే, 2024 అక్టోబర్ 10 నుంచి ఆ అద్దె మీద 18 శాతం పన్ను మీరే కట్టాలి. నెలకు 20,000 అద్దె అయితే 3,600. దీన్ని క్రెడిట్‌తో సర్దలేరు, నగదుగానే కట్టాలి. కట్టాక క్రెడిట్‌గా తీసుకోవచ్చు. ఓనర్ బిల్లు ఇవ్వడు కాబట్టి మీకు మీరే ఇన్‌వాయిస్ రాసుకోవాలి.

9. రిటర్నులు

- రెగ్యులర్, నెలవారీ: జీఎస్టీఆర్-1 మరుసటి నెల 11లోపు, జీఎస్టీఆర్-3బీ (పన్ను లెక్క చూపి కట్టే రిటర్న్) 20లోపు.
- రెగ్యులర్, మూడు నెలలకోసారి: జీఎస్టీఆర్-1 13లోపు, తెలంగాణ వాళ్లకు 3బీ 22లోపు. మధ్యలోని రెండు నెలలకు పన్ను 25లోపు కట్టాలి.
- కాంపోజిషన్: మూడు నెలలకోసారి సీఎంపీ-08 (పన్ను కట్టే ఫారం) 18లోపు, ఏడాదికోసారి జీఎస్టీఆర్-4 జూన్ 30లోపు.

ఆషాఢంలో ఒక్క బిల్లు లేకపోయినా నిల్ రిటర్న్ వేయాల్సిందే. 3బీ ఆలస్యమైతే నిల్‌కు రోజుకు 20 రూపాయలు, పన్ను ఉంటే రోజుకు 50, కట్టని పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. ఆరు నెలలు వరసగా వేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేయవచ్చు.

10. ఇప్పటికే తప్పు జరిగి ఉంటే

20 లక్షలు దాటి నెలలైంది, నంబర్ లేదు: ఈ వారమే దరఖాస్తు పెట్టండి. దాటిన రోజు నుంచి జరిగిన పనికి పన్ను, వడ్డీ లెక్కకట్టి నోటీసు రాకముందే చెల్లించండి. దాటకముందు చేసిన పనికి పన్ను పడదు.

జీఎస్టీఆర్-1లో కస్టమర్ జీఎస్టీ నంబర్ తప్పు పడింది: తర్వాతి నెల రిటర్న్‌లో సవరణ పట్టికలో దిద్దండి. ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 వరకే గడువు. మీ ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవడానికీ అదే గడువు.

బిల్లులో మొత్తం ఎక్కువ వేశారు: కొట్టేసి కొత్తది రాయకండి, క్రెడిట్ నోట్ (ఎక్కువ వేసినంత తగ్గిస్తూ ఇచ్చే పత్రం) ఇవ్వండి.

వ్యాపారం ఆపేస్తున్నారు: రిటర్నులు వేయడం మానేసి ఊరుకోవద్దు. పోర్టల్‌లోనే రద్దుకు దరఖాస్తు పెట్టి, రెగ్యులర్ వాళ్లైతే ఆర్డర్ వచ్చిన మూడు నెలల్లో చివరి రిటర్న్ జీఎస్టీఆర్-10 వేయండి.